జాతకాలు కలిశాయి సరే, రక్తం సంగతేంటి?

మా చెల్లికి కాలేజీ రోజుల నుంచీ హిమోగ్లోబిన్ 10 దాటేది కాదు. ఆకుకూరలు తినదు, అందుకే అని అమ్మ తిట్టేది, మా వీధి చివరి డాక్టరు గారేమో ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు రాస్తూ పోయారు. పోయిన ఏడాది మా అత్తయ్య కొడుకుతోనే సంబంధం అనుకున్నాక, ఎవరో చెబితే హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష చేయించాం. అందులో హెచ్‌బీ ఏ2 అనే ఒక రకం హిమోగ్లోబిన్ 3.5 శాతం దాటి ఉంది, అంటే తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని, తల్లిదండ్రుల జన్యువుల నుంచి వచ్చే రక్తపు జబ్బు) క్యారియర్. జబ్బు కాదు, ఆ జన్యువును మోస్తోంది అంతే.

చిక్కంతా ఇద్దరూ క్యారియర్లయితేనే. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వచ్చేసింది కాబట్టి రెండో బిడ్డకు రాదులే అని లెక్కలు వేసుకునేవాళ్లుంటారు, అలా కుదరదు, ప్రతిసారీ అదే 25. మేజర్, అంటే తీవ్రమైన రకమైతే రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, దాంతో ఒంట్లో పేరుకునే ఐరన్ తీయడానికి మళ్లీ మందులు. ఇలాంటి పిల్లల కోసమే మన హైదరాబాద్‌లో 1998 నుంచి తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ పనిచేస్తోంది.

మేనరికంలో ఇద్దరికీ ఒకే జన్యువు వచ్చే అవకాశం ఎక్కువ, కాబట్టి బావకూ పరీక్ష చేయించాలి. అడగడమే పెద్ద టెన్షన్! "మావాడికి రోగముందంటారా?" అని అత్తయ్య రెండు రోజులు ఫోనెత్తలేదు. బావే నవ్వుతూ వెళ్లి చేయించుకున్నాడు.

నార్మల్ వచ్చింది. ఐరన్ మాత్రల డబ్బా మాత్రం అమ్మ ఇంకా ఫ్రిజ్ మీదే ఉంచింది.