షుగర్ మామూలుగానే ఉంది

మద్రాసులో తెలిసినవాళ్లు ఎదురుపడితే ముందు వచ్చే మాట ‘సాప్టీంగళా?’ అని. తిన్నారా అని అర్థం. ఇరవై నాలుగేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. రోజుకు పదిసార్లు ఆ మాట వింటాను, పదిసార్లూ ‘ఆచ్చు, ఆచ్చు’ అని తలూపి నడిచిపోతాను. జవాబు నిజంగా కావాలని ఆ మాట అడిగింది మాత్రం ఒక్కరే. 2025 జనవరి 12 తెల్లవారుజామున మూడున్నరకు, ఎమర్జెన్సీ గుమ్మం దగ్గర, ఒక నర్సు.

అప్పటికి నాకు యాభై రెండు. మాది గూడూరు. అంబత్తూరు ఎస్టేటులో బళ్ల విడిభాగాల కంపెనీలో లెక్కలు చూస్తాను, కాపురం కొరట్టూరులో. షుగర్ వచ్చి పదకొండేళ్లు. మెట్‌ఫార్మిన్, గ్లైమెపిరైడ్ వేసుకుంటూ నెట్టుకొచ్చాను. 2024 అక్టోబరులో మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) తొమ్మిది దాటేసరికి మా డాక్టరుగారు డాపాగ్లిఫ్లోజిన్ అనే మాత్ర కలిపారు. రక్తంలో ఎక్కువైన చక్కెరను ఇది మూత్రంలోకి తోసేస్తుంది. ‘గుండెకూ కిడ్నీలకూ కూడా మంచిది’ అన్నారు. అందులో అబద్ధం లేదు, ఇంత జరిగాక కూడా ఆ మాట కాదనను. 2020లో పేటెంటు గడువు తీరాక ధర బాగా దిగింది. మా ఆఫీసులోనే నలుగురు వాడుతున్నారు.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. నేను యూట్యూబులో చూసి అన్నం కూడా పూర్తిగా మానేశాను. రెండు నెలలు గుడ్లు, పనీరు, కూరలు, మజ్జిగ. ఐదు కిలోలు తగ్గాను. ప్యాంటు నడుం దగ్గర వదులైతే అద్దం ముందు నిలబడి మురిసిపోయిన మనిషిని నేను.

జనవరి 10 ముక్కోటి ఏకాదశి. అర్ధరాత్రి దాటాక లేచి, తలంటుకుని, మా ఆవిడతో కలిసి తిరువల్లిక్కేణి పార్థసారథి స్వామి గుడికి వెళ్లాం. వైకుంఠ ద్వారం చూడాలంటే క్యూలో గంటల తరబడి నిలబడాల్సిందే. ఆ రోజు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. మందుల సంగతికొస్తే, నాకు నేనే డాక్టర్నయ్యాను. ఉపవాసంలో గ్లైమెపిరైడ్ వేసుకుంటే షుగర్ పడిపోతుందని తెలుసు కాబట్టి అది మానేశాను. కొత్త మాత్రతో అలా పడిపోదని విన్నాను కాబట్టి అది మాత్రం వేసుకున్నాను. పెద్ద తెలివి చూపించాననుకున్నాను.

మర్నాడు ద్వాదశి పారణకు మా ఆవిడ అవిసాకు కూర చేసింది. రెండు ముద్దలు కూడా లోపలికి వెళ్లలేదు, వాంతి అయిపోయింది. మాత్ర మాత్రం ఆ రోజూ వేసుకున్నాను. మధ్యాహ్నానికి బొడ్డు పైన ఒకటే నొప్పి, గుక్కెడు నీళ్లు తాగినా బయటికే. షుగర్ మిషన్‌లో చూస్తే 186. నాకైతే ఆ అంకె చాలా మంచి అంకె. వీధి చివర క్లినిక్‌లో ఆయన కూడా అదే అన్నాడు, ‘షుగర్ మామూలుగానే ఉంది, ఉపవాసానికి గ్యాస్ పట్టింది’ అని. గ్యాస్‌కొక ఇంజెక్షన్, వాంతులకొక ఇంజెక్షన్ ఇచ్చి పంపించాడు. ఆయన్ను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఏ మందులు వాడుతున్నావని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

రాత్రి పదకొండు తర్వాత మొదలైంది ఊపిరి. దాన్ని ఆయాసం అనాలో ఏమనాలో. ఆయాసంలో గాలి అందదు కదా, నాకు గాలి బాగానే అందుతోంది. కానీ ఎవరో లోపల కూర్చుని కొలిమితిత్తి ఊదుతున్నట్టు లోతుగా, ఆగకుండా వస్తోంది. ఆపుదామంటే నా వశంలో లేదు. ‘మూడంతస్తులు ఎక్కి వచ్చినవాళ్లలా ఏమిటండీ ఆ రొప్పడం?’ అంది మా ఆవిడ. పక్క గదిలోంచి మా అమ్మాయి వచ్చి దగ్గరగా వంగి చూసి, ‘నాన్నా, నీ నోరు గోళ్ల రంగు తుడిచే మందు వాసన వస్తోంది’ అంది. ఆ పిల్లకు అన్నీ వేళాకోళాలే అని విసుక్కున్నాను. మూడింటికి నాలుక అట్టకట్టి మాట ముద్దముద్దగా వస్తుంటే ఇక ఇద్దరూ ఆగలేదు. ఎదురింటి సెల్వం అన్న కారు తీశాడు.

ఎమర్జెన్సీలో గుమ్మం దగ్గరే ఒక బల్ల ఉంటుంది. ఎవరిని ముందు చూడాలో, ఎవరు కాసేపు ఆగగలరో అక్కడే తేలుస్తారు. అక్కడున్న నర్సమ్మ నా వేలికి క్లిప్పు పెట్టింది, ఆక్సిజన్ 99. నాడి 124, బీపీ 100/60. ‘వాంతులు, కడుపునొప్పి’ అని మా ఆవిడ చెబుతూనే ఉంది, ఆమె మాత్రం నా ఛాతీ వైపే చూస్తూ చేతి గడియారం పట్టుకుని నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టింది. ముప్పై నాలుగు. మామూలుగా ఇరవై లోపు ఉండాలి. ఆక్సిజన్ 99 ఉన్న మనిషి ముప్పై నాలుగుసార్లు ఊపిరి ఎందుకు తీస్తున్నాడన్నదే ఆమెకు పట్టుకుంది. అప్పుడు అడిగింది, ‘సాప్టీంగళా?’ నేను అలవాటుగా తలూపబోయాను. ఆమె వదల్లేదు. చివరిసారి ఎప్పుడు తిన్నారు, ఏం తిన్నారు, నీళ్లు ఎప్పుడు తాగారు? వేళ్లు మడిచి లెక్కపెడితే రెండు రోజులు దాటి మూడో రాత్రి నడుస్తోంది.

నన్ను ఎర్ర గుర్తున్న మంచం మీదికి తోశారు. ముందు ఈసీజీ తీశారు. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు ఒక్కోసారి ఛాతీనొప్పి లేకుండా ఇలా కడుపునొప్పిగానే వస్తుందట. అది బాగానే ఉంది. డ్యూటీ డాక్టరమ్మాయిది కోయంబత్తూరు, ఇంట్లో తెలుగే. ‘ఏమేం మాత్రలు వేసుకుంటారు సార్?’ అంటే నేను పేర్లు చెప్పే స్థితిలో లేను. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి మందుల కవరు తీసి మంచం మీద బోర్లించింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ బ్యాగు బరువు గురించి నేనెన్ని వెక్కిరింపులు వెక్కిరించానో! డాక్టరమ్మాయి అట్టలన్నీ పక్కకు జరిపి ఒక్క అట్ట పైకెత్తింది. ‘ఇది ఉపవాసంలో కూడా వేసుకున్నారా?’

షుగర్ 198. వేలి చుక్కతోనే కీటోన్లు చూసే ఇంకో మిషన్ ఉంటుందట, అందులో 5.8. మూడు దాటితేనే ప్రమాదం కింద లెక్క. మణికట్టు దగ్గర నాడిలోంచి రక్తం తీశారు, బాబోయ్, ఆ సూది బాధ వాంతుల బాధను మరిపించింది. రక్తంలో పులుపు ఎంతుందో చెప్పే పీహెచ్ 7.12. ఉండాల్సింది 7.35కు పైన. ఆ పులుపును విరిచే బైకార్బొనేట్ కూడా బాగా పడిపోయి ఎనిమిది.

‘సార్, ఇది గ్యాస్ కాదు, కీటోయాసిడోసిస్’ అంది ఆ అమ్మాయి. తిండి లేదు, ఇన్సులిన్ చాలదు, ఒళ్లు కొవ్వును కరిగించి కాల్చుకుంటోంది. ఆ కాలినదాంట్లోంచి వచ్చే కీటోన్లు ఆమ్లాలు. రక్తం పులిసిపోతుంటే ఊపిరితిత్తులు బొగ్గుపులుసు వాయువును బయటికి ఊదేసి ఆ పులుపు తగ్గించాలని చూస్తాయి. నా కొలిమితిత్తి అదన్నమాట. ఇలాంటి ఊపిరి గురించి కుస్మాల్ అనే జర్మన్ డాక్టరు 1874లోనే రాశాడని, నూట యాభై ఏళ్లు దాటినా గుర్తుపట్టడానికి ఇప్పటికీ కళ్లే కావాలని ఆమె చెబుతుంటే కాస్త సంబరంగానే కనిపించింది. మా అమ్మాయికి తగిలిన వాసన అసిటోనుదట. డాక్టరమ్మాయి ముక్కుకు మాత్రం అది తెలియదట, అందరికీ తెలియదు.

మామూలుగా ఈ జబ్బులో షుగర్ మూడొందలు, నాలుగొందలు, ఇంకా పైకి పోతుంది. అది చూసే జనం పరుగెత్తుకొస్తారు. నా మాత్ర మాత్రం చక్కెరను ఎప్పటికప్పుడు మూత్రంలోకి వదిలేస్తోంది. లోపల ఇల్లు కాలుతున్నా మిషన్ 186 దగ్గర నిమ్మళంగా కూర్చుంది. ఈ రకం మందులతో ఇలా జరగొచ్చని అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2015లోనే హెచ్చరించింది. ఉపవాసం, వాంతులు, నీళ్లు తాగకపోవడం, అన్నం బొత్తిగా మానేయడం, ఆపరేషన్, వీటిలో ఏ ఒక్కటి తోడైనా ప్రమాదం పెరుగుతుంది. నేను ఆపరేషన్ తప్ప అన్నీ చేసి పెట్టాను.

వైద్యం మొదలయ్యాక మా వాళ్లలో ఇంకో గొడవ లేచింది. మొదటి గంటలో లీటరు సెలైన్ పోయింది. పొటాషియం ఎంతుందో రిపోర్టు వచ్చాకే ఇన్సులిన్ పెట్టారు. ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి లాగేస్తుంది, అది మరీ పడిపోతే గుండె లయ తప్పుతుంది. ఇన్సులిన్ గంటకు ఏడు యూనిట్లు, నా బరువును బట్టి. దాని పక్కనే గ్లూకోజ్ సీసా వేలాడదీశారు. ఆరింటికి మా బావమరిది వచ్చి అది చూశాడు. ‘బావా, షుగర్ పేషెంటుకు గ్లూకోజ్ ఎక్కిస్తున్నారేంటి, వీళ్లకసలు చదువొచ్చా?’ అని వార్డు అదిరేలా కేకలు. డాక్టరమ్మాయి ఓపికగా చెప్పింది, మంట ఆర్పేది ఇన్సులినే, కీటోన్లు పోయేదాకా దాన్ని ఆపకూడదు, షుగర్ ముందే తక్కువుంది కాబట్టి గ్లూకోజ్ ఇవ్వకుండా ఇన్సులిన్ ఇస్తే మనిషి పడిపోతాడు అని. వాడు నమ్మలేదు. ఇంకో డాక్టరు స్నేహితుడికి ఫోన్ చేసి, అతను కూడా అదే చెప్పాక వెళ్లి కాఫీ తాగాడు.

తర్వాతి రోజున్నర ఐసీయూలో గంటకో సూదిపోటు. పొటాషియం కలిపిన సీసా ఎక్కుతుంటే చెయ్యంతా మంట. నా మాత్ర ప్రభావం ఆపిన వెంటనే పోదు, అందుకే కీటోన్లు మొండికేశాయి. భోగి రోజు తెల్లవారుజామున కిటికీ సందుల్లోంచి పాత చాపలు కాల్చిన పొగ వాసన వచ్చింది. ఆ మధ్యాహ్నానికి నా ఊపిరి నాది నాకు వచ్చింది. ఊపిరిని మర్చిపోవడం ఎంత సుఖమో ఆ పూట తెలిసింది. సంక్రాంతి నాడు ఆసుపత్రి వాళ్లిచ్చిన గిన్నెడు ఇడ్లీ తిన్నాను. కనుమ రోజు ఇంటికొచ్చాను.

అసలు నా ఒంట్లో ఇన్సులిన్ పుడుతోందా లేదా అని సీ-పెప్టైడ్, ఇంకొన్ని పరీక్షలు చేశారు. కొద్దిగా పుడుతోంది. ఆ మాత్ర నాకిక జన్మలో వద్దన్నారు. రాత్రిపూట ఒక ఇన్సులిన్ సూది పెట్టారు. అన్నం కొలిచి తింటున్నాను, మానలేదు. ఇంటిల్లిపాదీ వారంపాటు నా ఛాతీ చూసి ఊపిరి లెక్కపెట్టారు, అదో పెద్ద హింస.

మా డాక్టరుగారి దగ్గరికి వెళ్లి అడిగాను, ఉపవాసం సంగతి ముందే చెప్పి ఉండాల్సింది కదా అని. ‘చెప్పాను, చీటీ వెనక రాశాను కూడా’ అన్నారు. ఇంటికొచ్చి చీటీ వెతికి వెనక్కి తిప్పాను. తినలేని రోజు ఆపాలి అని ఇంగ్లీషులో ఒక లైను ఉంది, గిలికినట్టుగా. అది చెప్పడమా, చెప్పకపోవడమా అన్నది నాకింకా తేలలేదు. ఆఫీసులో అదే మాత్ర వాడే నలుగురికీ తెలుగులో ఒకరికి, తమిళంలో ముగ్గురికి రాసిచ్చాను: మాత్ర మానొద్దు, మీ డాక్టర్నే అడగండి, కానీ తినలేని రోజు, వాంతులైన రోజు వేసుకోవద్దు, షుగర్ ఎంతున్నా సరే కీటోన్లు చూపించుకోండి. వాళ్లలో ఒకాయనకు మొన్న హెర్నియా ఆపరేషన్. మూడు రోజుల ముందే ఆపమని ఆసుపత్రివాళ్లే చెప్పారట. ‘నువ్వు రాసిందే చెప్పారయ్యా’ అని నవ్వాడు.

2025లోనే రెండో ముక్కోటి వచ్చింది, డిసెంబరు 30న. మళ్లీ తిరువల్లిక్కేణి వెళ్లాం. క్యూలో మా ముందున్న పెద్దావిడ వెనక్కి తిరిగి ఉపవాసమేనా అని అడిగింది. మా ఆవిడ నావైపు చూసింది. బయలుదేరే ముందు రెండు ఇడ్లీలు తిన్నానని చెప్పాను. పెద్దావిడ ఏమీ అనలేదు. కాసేపయ్యాక తన సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఇచ్చింది.