వేకోలో దిగిన సాయంత్రం
నిన్న టెక్సస్‌లోని డెంటన్ నుంచి ఆస్టిన్‌కు సెస్నా 172 అనే చిన్న విమానంలో ఒంటరిగా బయలుదేరినప్పుడు ఆకాశం నిర్మలంగానే ఉంది కానీ, దారిలోని వేకో ఊరు దాటిన కాసేపటికే మబ్బులు కిందికి దిగి, చూస్తుండగానే నేలా నింగీ ఒకే బూడిదరంగులో కలిసిపోయాయి. విమానం కుడివైపు ఒరిగిపోతోందని శరీరం గట్టిగా చెబుతుంటే, ఎదురుగా ఉన్న, విమానం వాలును చూపే క్షితిజ సూచికలో మాత్రం రెక్కలు సమంగానే ఉన్నాయి. ఒంటి సమతూకాన్ని పసిగట్టే లోపలి చెవి మబ్బుల్లో అబద్ధమాడుతుందని శిక్షణలో పదేపదే విన్నదే అయినా, ఆ క్షణాన దాన్ని నమ్మకుండా ఉండడానికి పళ్లు బిగబట్టవలసి వచ్చింది. నేల మీది ట్రాఫిక్ కంట్రోలరుకు రేడియోలో పరిస్థితి చెప్పి, సెకనుకు 3 డిగ్రీల చొప్పున సరిగ్గా ఒక నిమిషం మలుపు తిప్పి (అంత పొడవైన నిమిషాన్ని నేనెరగను) వచ్చిన దారినే వెనక్కి మళ్లాను. వేకోలో దిగి చూసుకుంటే, మోకాలికి కట్టుకున్న కాగితం మీద రాసుకున్న రేడియో ఫ్రీక్వెన్సీలు చెమటకు అలుక్కుపోయి ఉన్నాయి. అమ్మకు మాత్రం వాన వల్ల ఆలస్యమైందని చెప్పాను.