ఊపిరి మీద ధ్యాస పెట్టమన్నారు

మొన్న ఆదివారంతో నా ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ క్లాసు, అంటే ఈ క్షణం మీద ధ్యాస నిలపడం నేర్పే క్లాసు, పూర్తయింది. మనసు తేలికగా ఉండగానే రాసేయాలని కూర్చున్నాను. నాలుగు రోజులు ఆగితే మళ్లీ రాయలేను.

2021 మేలో మా తమ్ముడు కోవిడ్‌తో పోయాడు. వాడికి ముప్పై నాలుగేళ్లు. మరదలు పురిటికి పుట్టింటికి వెళ్లింది కాబట్టి వాణ్ణి గుంటూరులో మా ఇంట్లోనే ఉంచుకున్నాను. మూడో రోజు సాయంత్రం ఆక్సీమీటరులో 93 కనిపించింది. "అక్కా, హాస్పిటల్‌కి వెళ్దామా?" అన్నాడు. మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. బెడ్లు లేవని టీవీలో ఒకటే గోల. "రేపు పొద్దున్నే వెళ్దాంరా" అన్నాను. రాత్రి రెండింటికి 84కి పడిపోయింది. బోర్లా పడుకోబెట్టి, వీపు మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి ఎంత పైకి లేస్తోంది, ఎంత కిందికి దిగుతోంది చూస్తూ తెల్లారేదాకా కూర్చున్నాను. ఆరింటికి అంబులెన్సు వచ్చింది. మూడు చోట్ల లేదన్నారు, నాలుగో చోట బెడ్ దొరికింది. ఆరు రోజులకు పోయాడు.

వాడు అడిగాడన్న సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకూ చెప్పలేదు, అమ్మకూ చెప్పలేదు. నాలుగేళ్లు కడుపులో పెట్టుకు తిరిగాను.

ఆ నాలుగేళ్లు ఎలా ఉండేదంటే, రాత్రి పక్కన మా ఆయన ఊపిరి వినపడితే లెక్కపెట్టడం మొదలయ్యేది. లెక్క ఆపలేక హాల్లోకి వచ్చి పడుకునేదాన్ని. కుక్కర్ ఆవిరి చప్పుడుకి చేతిలో గిన్నె జారిపోయేది. బ్యాంకులో ఇరవై నాలుగేళ్ల సర్వీసు నాది. అందులో పద్నాలుగేళ్లు క్యాష్ కౌంటర్‌లోనే కూర్చున్నాను, ఏ రోజూ ఒక్క రూపాయి తేడా రానివ్వలేదు. మా బ్రాంచిలో ఇంకెవరూ ఆ మాట చెప్పుకోలేరు. అలాంటి మనిషిని, వాడి విషయంలో ఎలా పొరపాటు చేశానా అని రోజూ నన్ను నేనే కోర్టు బోనులో నిలబెట్టుకునేదాన్ని.

ఒక రాత్రి తట్టుకోలేక టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేశాను. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సర్వీసు అది, ఉచితం, ఏ వేళలోనైనా పలుకుతారు. తెలుగులోనే మాట్లాడారు, సైకియాట్రిస్టును కలవమన్నారు. కలిశాను. మందులు ఇచ్చారు, నిద్ర పట్టింది. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది, ఈ ఎనిమిది వారాల క్లాసుకంటే ముందు వెళ్లిన వేరే ధ్యానం క్లాసు దగ్గర వచ్చింది.

మా పక్కింటావిడ మంచి మనసుతోనే తీసుకెళ్లింది. ఒక కమ్యూనిటీ హాలు, నలభై మందిదాకా ఉన్నారు. చెప్పే ఆయన తెల్లబట్టల్లో, కాలర్‌కి మైకు పెట్టుకుని ఉన్నారు. "కళ్లు మూసుకోండి, ముక్కు కొన దగ్గర ఊపిరి మీద ధ్యాస పెట్టండి, గాలి లోపలికి వెళ్తోంది, బయటికి వస్తోంది" అన్నారు. మూసుకున్నాను. రెండు నిమిషాలు గడిచాయో లేదో, నా కుడి అరచేతి కింద వాడి వీపు తగిలింది. జ్ఞాపకం రావడం కాదు, నిజంగా తగిలింది. చెమటకు తడిసిన బనీను, దాని కింద పక్కటెముకలు. పైకి లేస్తోంది, దిగుతోంది, ఈసారి తక్కువ లేచింది. నాకు గాలి ఆడలేదు. కళ్లు తెరిచి లేచి నిలబడ్డాను.

"అమ్మా, పారిపోకండి, కూర్చోండి" అని మైకులో అన్నారు. అందరూ కళ్లు తెరిచి నా వైపు చూశారు. ఏమైందో చెప్పమన్నారు. అప్పుడైనా ఏదో సాకు చెప్పి బయటపడాల్సింది. నిజమే చెప్పాను. "ఊపిరి చూడలేకపోతున్నానండీ. మా తమ్ముడు ఊపిరాడక పోయాడు." నాలుగేళ్లలో నలుగురిలో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆయన ఒక్క క్షణమైనా ఆగలేదు. "చూశారా, అటాచ్‌మెంట్ అంటే ఇదే. పోయినవాడి కర్మ తీరింది, పోయాడు. మీరు పట్టుకుని వేలాడుతున్నారు. మీ దుఃఖం వాడి కోసం కాదమ్మా, మీ అహంకారం కోసం" అన్నారు. ముందు వరుసలో ఒకావిడ తల ఊపింది. ఆ తల ఊపడం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

కూర్చోమంటే కూర్చున్నాను. పెద్దవాళ్ల మాట కాదని లేచి వెళ్లడం మాకు అలవాటు లేదు. ఇంకో పాతిక నిమిషాలు, గోళ్లు అరచేతిలో గుచ్చుకునేలా పిడికిలి బిగించి, వాడి వీపు తగలకుండా ఆపుకుంటూ గడిపాను. అయిపోగానే బయటికి పరిగెత్తాను. చెప్పుల కుప్పలో నావి కనపడలేదు. వెతికే ఓపిక లేక ఉత్త కాళ్లతోనే నడిచాను. ఏప్రిల్ సాయంత్రం, తారు ఇంకా చల్లారలేదు. అరికాళ్లు చురుక్కుమంటున్నాయి, అక్కడక్కడా కంకర గుచ్చుకుంటోంది. మలుపు తిరిగేసరికి గాలి మామూలుగా ఆడుతోందని తెలిసింది. అప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

ఆ తర్వాత ఆరు నెలలు ధ్యానం అనే మాట వింటే ఒళ్లు మండేది. అంతకంటే ఘోరం, ఆయన చెప్పిందే నిజమేమో అని నమ్మాను. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గాయపడిన మనిషిని నలుగురి ముందు ఉదాహరణగా చూపించే హక్కు ఏ గురువుకీ లేదు. కర్మ గురించి చెప్పాలనుకుంటే తన సొంత దుఃఖానికి చెప్పుకోవాలి. మనం కూడా తెల్లబట్టలు, మైకు చూసి మన ప్రాణాన్ని చేతుల్లో పెట్టేస్తున్నాం. బీపీ బిళ్ల రాయాలంటే డిగ్రీ కావాలి, మనసును విప్పడానికి మాత్రం ఏదీ అక్కర్లేదా?

నా సైకియాట్రిస్టే హైదరాబాద్‌లోని ఒక క్లినికల్ సైకాలజిస్టు పేరు రాసిచ్చారు. అన్నీ ఆన్‌లైన్‌లోనే. ఈసారి ముందే అడిగాను, ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉందా అని. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైనవాళ్లే క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలి. ఆవిడ నొచ్చుకోకుండా నంబరు చెప్పారు. ఆ హాల్లో జరిగింది చెప్పాను. కర్మ సంగతి, అహంకారం సంగతి ఆవిడ పట్టించుకోలేదు. "తర్వాత ఇంటికి ఎలా వెళ్లారు?" అని అడిగారు.

"చెప్పుల్లేకుండా నడిచానండీ."

"నడుస్తున్నప్పుడు ఎలా ఉంది?"

"కాళ్లు కాలాయి. కానీ ఊపిరి ఆడింది."

"అయితే మనం అరికాళ్లతో మొదలుపెడదామండీ" అన్నారు.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. ధ్యాస నిలపడానికి ఏదో ఒక ఆధారం కావాలి, అది ఊపిరే కానక్కర్లేదు. చాలామందికి ఊపిరి హాయిగా ఉంటుంది. కానీ దెబ్బ తగిలింది ఊపిరి దగ్గరైతే, దాని మీద ధ్యాస పెట్టడం పుండు మీద వేలు పెట్టడమే. కళ్లు మూస్తే ఎదురుగా ఉన్న గది, గోడ మాయమై, ఆ పాత రాత్రి ఒక్కటే మిగులుతుంది. కాబట్టి నేను కళ్లు తెరిచే చేయాలి. పాదాలు నేలకు ఆనించాలి, మడమలు, వేళ్లు, గచ్చు చల్లదనం గమనించాలి. రెండు నిమిషాలు చాలు. తట్టుకోలేననిపిస్తే ఆపేయాలి, ఆపడం ఓటమి కాదు. నాలుగేళ్లలో ఎవరైనా నాకు ఆపేయవచ్చు అని చెప్పడం అదే మొదలు.

నెల తర్వాత ఆవిడే నన్ను ఎనిమిది వారాల గ్రూపులో చేర్చారు. ఎనిమిది వారాల లెక్క 1979లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో జాన్ కబాట్ జిన్ మొదలుపెట్టిన కోర్సు నుంచి వచ్చిందట. మాది క్రిస్టిన్ నెఫ్, క్రిస్టఫర్ గెర్మర్ అనే సైకాలజిస్టులు తయారుచేసిన పద్ధతి, తన మీద తనకు దయ నేర్పేది. మొదటి మూడు వారాలు సాఫీగా జరిగాయి.

నాలుగో వారం చిక్కు వచ్చింది. దయ అంటే తప్పును కప్పిపుచ్చుకోవడమే కదా అని వాదించాను. సైకాలజిస్టు వాదించలేదు. "ఆ రాత్రి జ్వరం మీకు వచ్చిందనుకోండి. రేపు వెళ్దాం అక్కా అని మీ తమ్ముడు అన్నాడు. మీరు పోయారు. ఇప్పుడు వాడు మీలా నిద్ర లేకుండా తిరుగుతుంటే ఏమంటారు?" అన్నారు. ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది. "ఊరుకోరా నాన్నా, నీకేం తెలుసు, ఊరుకో." చిన్నప్పుడు వాడు పడి మోకాలు చెక్కుకుంటే ఒళ్లో వేసుకుని వీపు తడుతూ అన్న మాటే. "అదే మాట ఇప్పుడు మీ గుండె మీద చెయ్యి వేసుకుని మీకు చెప్పుకోండి" అన్నారు.

చెప్పుకున్నాను. వాణ్ణి తీసుకెళ్లిన రోజు కూడా రాని ఏడుపు వచ్చింది. రెండు రోజులు సెలవు పెట్టాను. భయపడి ఫోన్ చేస్తే, ఇలా జరుగుతుందని ముందే తెలుసన్నారు. మూసిపెట్టిన గదిలో నిప్పు రగులుతుంటే తలుపు తీయగానే గాలి తగిలి మంట ఎగదన్నుతుంది, మనసుకు దయ తగిలినప్పుడూ అంతే, దీని గురించి గెర్మర్ చెప్పారని వివరించారు. ఆ రెండు రోజులూ అరికాళ్లే నన్ను నిలబెట్టాయి. మూడో రోజు డ్యూటీకి వెళ్లాను.

ఎవరైనా ఇలాంటి క్లాసులో చేరాలనుకుంటే, మీకు ఏం జరిగిందో క్లాసు నడిపేవాళ్లకు ముందే, విడిగా చెప్పండి. వినే తీరిక లేదంటే ఆ గుమ్మం ఎక్కకండి. మందులు వాడుతుంటే క్లాసు మొదలైంది కదా అని మీ అంతట మీరు మానేయకండి. "కాలమే మాన్పుతుంది" అని చెప్పే చుట్టాలతో వాదించి ఓపిక పోగొట్టుకోకండి. నాకు నాలుగేళ్ల కాలం ఏదీ మాన్పలేదు.

ఆరో వారం తర్వాత మరదలికి ఫోన్ చేశాను. గచ్చు మీద కాళ్లు ఆనించి, వాడు నన్ను అడిగాడనీ, నేను రేపు అన్నాననీ చెప్పేశాను. అటువైపు చాలాసేపు మాట లేదు. వెనక పిల్లాడు బొమ్మల చానెల్ పెట్టమని మారాం చేస్తున్నాడు. అప్పుడు అంది, "ఆ సాయంత్రం నాకూ ఫోన్ చేశారు వదినా. బయటికి వెళ్తే ఇంకా ఎక్కువవుతుందేమో, ఈ పూటకి అక్క దగ్గరే ఉండండి అని నేనే చెప్పాను."

ఆమె కూడా ఎవరికీ చెప్పుకోలేదట. వచ్చే శనివారం పిల్లాణ్ణి తీసుకుని మా ఇంటికి వస్తోంది.