వట్టి కాళ్లతో పరుగు, తొమ్మిదో వారం: ఎడమ కాలికే ఎందుకు పొక్కుతోంది?

మళ్లీ అదే చోట! ఎడమ అరికాలు, రెండో వేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే భాగం. ఇది నాలుగోసారి. స్కేలు పెట్టి కొలిస్తే పొక్కు 14 మిల్లీమీటర్లు ఉంది, పోయినసారి 11. కుడి కాలికి ఒక్క గీత కూడా లేదు.

మిగతావన్నీ బాగున్నాయి. పిక్కల నొప్పులు ఆరో వారానికే పోయాయి, మడమ ముందు ఆనడం మానేసింది.

పర్లాకిమిడిలో మా వీధి సిమెంటు రోడ్డు మీద బయల్దేరి, మహేంద్రతనయ నది వైపు వెళ్లి తిరిగొస్తే 2.4 కిలోమీటర్లు. మొదటి మూడుసార్లూ 1.5, 1.7 కిలోమీటర్ల మధ్యే మంట మొదలైంది. చర్మం మెత్తగా ఉందేమో అనుకున్నాను. కానీ అదైతే రెండు కాళ్లకీ రావాలి. పైగా నిరుడు అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చెప్పుల్లేకుండా తిరిగినవాణ్ణి. అసలు ఈ సరదా పుట్టిందే అప్పుడు. తర్వాత మంచు మీద అనుమానపడ్డాను, తడికి చర్మం నానిపోతుంది కదా. అందుకే గురువారం సాయంత్రం పొడి రోడ్డు మీద పరిగెత్తాను. 1.6 దగ్గర మళ్లీ మంట.

ఇక అడుగుల లెక్క. వాచీలో నిమిషానికి 166 చూపిస్తోంది. ఫోన్‌లో టక్‌టక్‌మని తాళం కొట్టే మెట్రోనోమ్ 176కి పెట్టుకుని అడుగులు చిన్నవి చేశాను. ఈసారి మంట 1.9 దగ్గర వచ్చింది. కాస్త మేలే, కానీ పొక్కు మాత్రం ఆగలేదు. 14 మిల్లీమీటర్లది ఇదే.

నిన్న అమ్మని ముగ్గుపిండి అడిగాను. "చెప్పులు కొనిపెట్టలేదనుకుంటార్రా ఊళ్లోవాళ్లు" అంటూనే డబ్బా ఇచ్చింది. అరికాళ్లు తడిగుడ్డతో తుడుచుకుని, పిండిలో అద్ది, డాబా మీద పది అడుగులు పరిగెత్తాను. కుడి పాదం గుర్తులు అచ్చు గుద్దినట్టున్నాయి. ఎడమవైపు మాత్రం సరిగ్గా రెండో వేలి కింద పిండి బయటివైపుకి తోకలా సాగింది, దాదాపు 2 సెంటీమీటర్లు. ఐదు అడుగుల్లో నాలుగింటికి అదే తోక! అంటే పాదం నేలని వదిలేటప్పుడు మెలి తిరుగుతోంది. చర్మాన్ని తినేస్తున్నది ఆ మెలికే.

ఎందుకు తిరుగుతోంది? రెండేళ్ల కింద వాలీబాల్‌లో ఎడమ చీలమండ బెణికింది. మడమ లేవకుండా మోకాలు గోడకి ఆనించి, బొటనవేలికీ గోడకీ మధ్య దూరం కొలిచాను: కుడి 11 సెంటీమీటర్లు, ఎడమ 7. అంటే ఎడమ చీలమండ తక్కువ వంగుతోంది. ఈ బిగుతే కారణమని నా నమ్మకం. రోడ్డు అంచు వాలుగా ఉండటం, నేను ఎప్పుడూ ఎడమ అంచునే పరిగెత్తడం కూడా తోడై ఉండొచ్చు. మా గురుస్వామికి చూపిస్తే "నేలని తన్నకు నాయనా, కాలు ఎత్తు" అన్నారు. ఆయన పరుగు గురించి చెప్పలేదు, నడక గురించే చెప్పారు. అయినా నాకు పనికొచ్చే మాటే.

వైబ్రమ్ ఫైవ్‌ఫింగర్స్ (వేళ్లకి విడివిడి అరలుండే పల్చటి బూట్లు) కొనుక్కోమని ఫ్రెండ్ పోరుతున్నాడు. నాకొద్దు. కాలికీ నేలకీ మధ్య రబ్బరుంటే ఈ మెలిక నాకు తెలిసేదే కాదు. అలాగని బూట్లంటే పగ లేదు. 1960లో రోమ్ మారథాన్ వట్టి కాళ్లతో గెలిచిన అబెబె బికిలా, 1964లో టోక్యోలో బూట్లేసుకునే గెలిచాడు.

పొక్కు చిదమను, దానంతటదే ఆరాలి. అప్పటిదాకా రోజూ గోడ దగ్గర చీలమండ సాగదీత, రెండు పూటలా మూడేసి నిమిషాలు. ఎడమ 9 సెంటీమీటర్లకి వచ్చాక స్కూలు గ్రౌండ్‌లో సమతలం మీద 1 కిలోమీటరుతో మళ్లీ మొదలుపెడతాను. ముందు ముగ్గుపిండి పరీక్ష, తర్వాతే పరుగు. ఫిబ్రవరిలో బరంపురం వెళ్లే పనుంది, గోపాల్‌పూర్ తడి ఇసుక మీద 3 కిలోమీటర్లు పరిగెత్తాలని ఇప్పట్నుంచే మనసు లాగుతోంది. ఒడ్డు కూడా వాలే కాబట్టి వెళ్లినంత దూరమూ వెనక్కి పరిగెత్తుకునే రావాలి, అప్పుడు రెండు కాళ్లకీ సమానంగా పడుతుంది.