పిడుదు కరిస్తే నడవడిక గురించి అడిగారు

పిడుదు కాటుతో నాకు సోకిన టులరీమియా అనే జబ్బుకు వాడిన మందులు మొన్ననే పూర్తయ్యాయి. ఒంట్లో కాస్త నీరసం తప్ప జబ్బు ఆనవాళ్ళేమీ మిగలలేదు. కోపం మాత్రం తగ్గలేదు కనుక, అది చల్లారకముందే ఇది రాస్తున్నాను.

మేముండేది అర్కాన్సాస్ రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం పుణ్యమా అని ఇక్కడ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, సాయంత్రమైతే అందరమూ అడవి పక్క బాటల్లోనే నడుస్తాం. ఈ జబ్బు తెచ్చేది కుందేళ్ళలో, ఎలుకజాతి జంతువుల్లో ఉండే ఫ్రాన్సిసెల్లా టులరెన్సిస్ అనే బాక్టీరియా; అది పిడుదుల ద్వారానో, ఒక రకం ఈగల ద్వారానో, జబ్బుపడిన జంతువును ముట్టుకోవడం వల్లనో మనిషికి సోకుతుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. 2011 నుంచి 2022 దాకా అమెరికాలో 2,462 కేసులు నమోదైతే, సగం అర్కాన్సాస్, కాన్సాస్, మిస్సోరి, ఓక్లహోమా రాష్ట్రాలవే. అంటే ఇది ఇక్కడి వైద్యులు ఎరగని జబ్బేమీ కాదు.

నా తొడ లోపలివైపు కరచుకుని ఉన్న పిడుదును మా ఆవిడే పట్టకారుతో పీకేసింది. కొన్నాళ్ళకు చలిజ్వరం వచ్చింది, కరిచిన చోట పుండు పడింది, గజ్జలో బిళ్ళ కట్టి నిమ్మకాయంత అయింది. ఇద్దరం కలిసి దగ్గర్లోని అర్జెంట్ కేర్‌కు, అంటే అపాయింట్‌మెంట్ లేకుండా చూసే చిన్న క్లినిక్‌కు వెళ్ళాం.

అక్కడ డాక్టరు బదులు రోగులను చూసే ఫిజీషియన్ అసిస్టెంట్ గజ్జ చూడగానే మా ఆవిడను బయట కూర్చోమని పంపించి, తలుపు వేసి, నాకు ఎందరితో సంబంధాలున్నాయి, వాళ్ళు ఆడవాళ్ళా మగవాళ్ళా, ఎప్పుడైనా డబ్బిచ్చి ఎవరి దగ్గరికైనా వెళ్ళానా అని, నేను లేదన్న ప్రతిసారీ అదే ప్రశ్నను మరో రకంగా తిప్పి అడిగాడు. పిడుదు కరిచిందని చెబితే, ఈ రాష్ట్రంలో లైమ్ జబ్బు దాదాపు లేదని కొట్టిపారేశాడు. పిడుదు తెచ్చేది లైమ్ ఒక్కటే అనుకునే మనిషి అర్కాన్సాస్‌లో ఎలా నెట్టుకొస్తున్నాడో నాకు అర్థం కాదు. సిఫిలిస్ అనే సుఖవ్యాధిలోనూ పుండు పడుతుంది, బిళ్ళ కడుతుంది; కాబట్టి ఆ ప్రశ్నలు అడగడం తప్పనను. అక్కడే ఆగిపోవడం తప్పు. సుఖవ్యాధుల పరీక్షలన్నిటికీ నెత్తురు తీయించి, సెఫలెక్సిన్ అనే యాంటిబయాటిక్ మాత్రలు రాసి, మా ఆవిడను లోపలికి పిలిచి, ఫలితాలు వచ్చేదాకా ఇద్దరూ దూరంగా ఉండమని ఆమె ముందే చెప్పాడు. నా జన్మలో అంత తలవంపులు ఎప్పుడూ పడలేదు.

కారెక్కాక మా ఆవిడ అన్నది ఒక్కటే మాట: "పిడుదును పీకింది నేనైతే, నన్ను బయటికి పంపి మిమ్మల్ని అడిగితే ఏం తెలుస్తుందండీ?" అనుమానించేందుకు అంత అవకాశం దొరికినా అనుమానించని మనిషితో కాపురం చేస్తున్నానని గర్వంగానే చెప్పుకుంటాను.

పరీక్షలన్నీ నెగెటివ్ వచ్చాయి. సెఫలెక్సిన్ జాతి మందులు ఈ బాక్టీరియా మీద పనిచేయవు కనుక జ్వరమూ తగ్గలేదు. చివరికి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో డాక్టరు పిడుదు మాట వినగానే పుండు చూసి, ల్యాబ్‌కు ముందే ఫోన్ చేసి హెచ్చరించింది. కల్చర్ చేసేటప్పుడు, అంటే పరీక్ష కోసం బాక్టీరియాను పెంచేటప్పుడు, ల్యాబ్ సిబ్బందికి కూడా ఇది సోకగలదట. జెంటామైసిన్ ఇంజక్షన్లతో జ్వరం దిగింది, తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలిచ్చి ఇంటికి పంపారు. ఆరోగ్య శాఖ నుంచి ఫోన్ చేసినామె, కుందేలు తోలేమైనా ఒలిచారా అని మర్యాదగా అడిగింది. గుడ్డు కూడా ముట్టని వాణ్ణని చెబితే నవ్వింది.

పిడుదు కనిపిస్తే తేదీ, చోటు కాగితం మీద రాసి, ఫోటో తీసి పెట్టుకోండి. నోటిమాటను ఎవరూ కంప్యూటర్లోకి ఎక్కించరు. సెలవు రోజైనా సరే, అర్జెంట్ కేర్ గడప తొక్కకండి.

ఇప్పుడు ఆ అర్జెంట్ కేర్ బిల్లు వచ్చింది, అందులో నా రోగ నిర్ధారణ గడిలో 'ప్రమాదకర లైంగిక ప్రవర్తన' అనే కోడ్ ఉంది. వైద్య రికార్డులో తప్పును సవరించమని అడిగే హక్కు ఇక్కడి చట్టం ఇస్తుంది, 60 రోజుల్లోగా వాళ్ళు జవాబివ్వాలి. టులరీమియా రిపోర్టు జతచేసి దరఖాస్తు పంపాను. ఆ కోడ్ తీసేసేదాకా బిల్లు కట్టేది లేదు.