పూల్ టేబుల్ పలకల జాయింట్లు: పుట్టీ కంటే ముందు చేయాల్సిన పని

భీమవరం, పాలకొల్లు, అమలాపురం ఈ చుట్టుపక్కల పూల్ టేబుళ్లు బిగించడం నా పని. ఓనర్లు క్లాత్ ఏ కలర్, లైట్లు ఎంత ఎత్తులో, ఏసీ ఎటు పెట్టాలి ఇవన్నీ అడుగుతారు గానీ క్లాత్ కింద రాతి పలకల జాయింట్ ఎలా ఉందో అడిగినోళ్లు చాలా తక్కువండి. నాకైతే టేబుల్ అంటే ఆ జాయింటే.

ఎనిమిదడుగుల టేబుల్‌కి అంగుళం మందం స్లేట్ పలకలు మూడు వస్తాయి, ఒక్కోటి 70 కిలోల దాకా ఉంటది. మూడు పలకలంటే రెండు జాయింట్లు. మూడు ముక్కలూ సమానంగా ఉంటే ఒక జాయింట్ సరిగ్గా ర్యాక్ (ఆట మొదట్లో త్రిభుజంగా పేర్చే బాల్స్) మొదటి బాల్‌కి ఆరేడు అంగుళాల ముందు పడుద్ది, అంటే బ్రేక్ (ఆటలో తొలి షాట్) కొట్టినప్పుడు క్యూ బాల్ (కర్రతో కొట్టే తెల్ల బాల్) ఫుల్ స్పీడ్‌లో దాని మీదుగానే వెళ్లాలి. అక్కడ ఒక పలక కాస్త ఎత్తుగా ఉంటే బాల్ లేస్తది, తగలాల్సిన చోట తగలదు, ఆడేవాడేమో నా చెయ్యి బాలేదు అనుకుంటాడు పాపం. మెల్లగా కొట్టే షాట్లలో ఇంకా బాధ, పాకెట్ దాకా వచ్చిన బాల్ పక్కకి తిరిగిపోద్ది.

ప్రపంచ పూల్ సంఘం రూల్ ప్రకారం జాయింట్ దగ్గర రెండు పలకల మధ్య ఎత్తు తేడా 0.005 అంగుళం దాటకూడదు, అంటే దగ్గరదగ్గర 0.13 మిల్లీమీటరు. బైక్ టాపెట్లు సెట్ చేసే ఫీలర్ గేజ్ ఉంటది చూడండి, అందులో బాగా పల్చటి రేకుల లెక్క అది. తాపీ మేస్త్రీ రసమట్టంలో ఈ తేడా కనపడదు. లేత్ మిషన్లు బిగించేవాళ్లు వాడే ప్రెసిషన్ లెవెల్ కావాలి, మీటరుకి 0.02 మిల్లీమీటర్ల వాలు ఉన్నా బుడగ కదుల్తది. ఖరీదే, కానీ అది లేకుండా ఈ పని ఒప్పుకోకూడదని నా అభిప్రాయం.

ముందు పలకల్ని మోసే ఫ్రేమ్ మట్టానికి తేవాలి, తర్వాత మధ్య పలక, ఆ తర్వాతే చివరి పలకలు. మంచి సెట్ అయితే మూడు పలకల్నీ కలిపే చదును చేసి నంబర్లు వేసి పంపిస్తారు, అటుది ఇటు తిప్పి పెడితే ఎంత కష్టపడినా కుదరదు. మధ్య పలకని నాలుగు మూలలా, అడ్డంగా, నిలువుగా లెవెల్ పెట్టి సరిచేశాక దాన్ని ఇంక ముట్టుకోకుండా చివరి పలకల్ని దాని ఎత్తుకి తేవాలి. జాయింట్ పక్క స్క్రూ కొంచెం వదులు చేసి, పలకకీ ఫ్రేమ్‌కీ మధ్య పల్చటి చెక్క ప్యాకింగ్ పెట్టి చిన్న సుత్తితో ఒక్క దెబ్బ, మళ్లీ స్క్రూ బిగించి గోరు అడ్డంగా లాగి చూడాలి. అటునుంచి ఇటు లాగితే జారిపోయి ఇటునుంచి అటు లాగితే టక్కున ఆగిందంటే ఎటు ఎత్తో అప్పుడే తెలిసిపోద్ది. జాయింట్ పొడవునా ఇలాగే చూసుకుంటూ పోవాలి, ఒకచోట సరిచేస్తే ఇంకోచోట కదుల్తది, ఓపిక పట్టాలండి, సగం రోజు దీనికే పోయినా పర్లేదు.

ఇక్కడే చాలామంది దగ్గరదారి పట్టేస్తారు. "తమ్ముడూ, కొంచెం పుట్టీ పెట్టేస్తే సరిపోద్ది కదా, రేపు ఓపెనింగ్" అని ఓనర్ గారు అంటారు. సరిపోదండి. పుట్టీ సందు పూడుస్తది గానీ ఎత్తుపల్లం తీసెయ్యదు, తట్టు (ఎత్తు పలక అంచు) మీద పుట్టీ రాసి ఏటవాలు చేస్తే బాల్ ఎగరడం తగ్గుద్దేమో గానీ ఆ వాలు అలాగే ఉండిపోద్ది. కొందరు ఏకంగా గ్రైండర్ పెట్టి ఎత్తు పలకని అరగదీస్తారు, చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోద్ది, చదునుగా వచ్చిన రాయిని చేతులారా పాడుచేసినట్టే కదా, అది మళ్లీ రాదు.

రెండు పలకలూ ఒకే మట్టానికి వచ్చాక, స్క్రూలన్నీ బిగించి మళ్లీ చూసుకున్నాకే సందు పూడ్చాలి. నేను తేనెమైనం వాడతాను. పలకని గ్యాస్ టార్చ్ మంటతో కొంచెం వెచ్చచేసి మైనం కరిగించి పోస్తే సందులోకి దిగుద్ది, పైన కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండనిచ్చి, నీళ్లలా ఉన్నది చల్లారి పసుపు రంగుకి తిరిగాక కొత్త బ్లేడుని దాదాపు పడుకోబెట్టి గీకితే రాయితో సమానంగా వచ్చేస్తది. ఎండాకాలం కరిగిపోదా అని అడుగుతారు, తేనెమైనం కరగాలంటే 62 డిగ్రీలు దాటాలి, మన గదుల్లో అంత రాదు. కొవ్వొత్తి మైనం మాత్రం వద్దు, పెళుసు, గీకుతుంటే పెచ్చులు ఊడొస్తది. కార్లకి పెట్టే బాడీ పుట్టీ గట్టిదే, కానీ నేల కదిలితే పగుల్తది, టేబుల్ ఇంకోచోటికి మార్చాలంటే దాన్ని వదిలించడం నరకం.

నేల కదలడం అనేది మన దగ్గర మామూలే. ఇక్కడిది బంకమట్టి, వానాకాలం ఉబ్బుద్ది, ఎండాకాలం కుంచించుకుపోద్ది. పైగా స్థలం పల్లంగా ఉందని మట్టి తోలించి మెరక చేసి మీద టైల్స్ వేసేస్తాం, ఆ ఫిల్లింగ్ కుదురుకోడానికి ఏళ్లు పడుద్ది. దాని మీద రెండొందల కిలోల పైన రాయి, ఫ్రేమ్ బరువు అదనం, అదంతా కాళ్ల కింది కాస్త జాగాలోనే పడుద్ది. చలికాలంలో చక్కగా ఉన్న టేబుల్ వినాయక చవితి నాటికి ఒక మూల దిగిందంటే ఆశ్చర్యం ఏంలేదు. చెక్క ఫ్రేమ్ కూడా తేమకి ఉబ్బుద్ది కాబట్టి కొత్త బిల్డింగ్ అయితే వానలు తగ్గాక ఒకసారి లెవెల్ మళ్లీ చూపించుకోండి. కాళ్ల దగ్గర సరిచేస్తే చాలాసార్లు క్లాత్ విప్పే పని ఉండదు.

మీ పార్లర్లో క్లాత్ మార్చే రోజు మాత్రం దగ్గరుండండి. పాత క్లాత్ తీయగానే లైట్లు ఆపేసి ఫోన్ టార్చ్ పలక మీద పడుకోబెట్టి వెయ్యండి, తట్టు ఉంటే జాయింట్ పక్కన సన్నటి నీడ గీత పడుద్ది. గోరు కూడా లాగి చూడండి. ఆగితే ముందు స్క్రూలు విప్పి ప్యాకింగ్ సరిచెయ్యమనండి, కొత్త క్లాత్ ఆ తర్వాతే పరవనివ్వండి.