వారం ఆలస్యంగా వచ్చిన బీటా

ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ 24.04 వెర్షన్ బీటా, అంటే తుది విడుదలకు ముందు పరీక్షించి చూడటానికి ఇచ్చే రూపం, 2024 ఏప్రిల్ 4న రావలసింది. దానికోసం పాత ల్యాప్‌టాప్‌ను ఖాళీ చేసి పెట్టుకున్నాను. అమ్మ కథలు టైపు చేసుకునే కంప్యూటర్ జోలికి మాత్రం వెళ్లలేదు. రోజూ పని జరిగే యంత్రంలో బీటా వేయకూడదు, ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

తీరా విడుదల వారం వాయిదా పడింది. ఎక్స్‌జెడ్ అనే ఫైళ్ల కుదింపు సాధనంలో బయటివాళ్లు రహస్యంగా చొరబడేందుకు ఎవరో దొంగదారి పెట్టారని మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు బయటపెట్టారు. ఆయన పరీక్షలు చేస్తున్నది కూడా ఉబుంటుకు ఆధారమైన డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ విడుదలకు ముందు దశ మీదే. దూరంలోని మరో కంప్యూటర్‌లోకి ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీస్తే ఇదంతా తేలింది! దాంతో ఉబుంటు బృందం అనుమానం ఉన్న సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలన్నిటినీ మళ్లీ నిర్మించింది. ఆ అర సెకను సంగతి చదివాక నాకు నిద్ర పట్టలేదు. చిన్న తేడాను వదిలిపెట్టని మనిషి ఎంత అవసరమో!

ఉగాది వెళ్లిన రెండు రోజులకు, 11న బీటా వచ్చింది. దింపుకున్న ఫైలు చెడలేదని చెక్‌సమ్ అనే గుర్తు సంఖ్యతో సరిచూసి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ముందు ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూశాను. వైఫై, శబ్దం, కెమెరా అన్నీ పలికాయి. ఇన్‌స్టాల్ చేయడం అరగంట పని.

అసలు పరీక్ష తెలుగుదే. తెలుగు టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక జతచేసి స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి అని కొట్టాను. వత్తులన్నీ చక్కగా కుదిరాయి. ‘సాఫ్ట్‌వేర్’ దగ్గర చిక్కు వచ్చింది. అక్కడ ‘ట్’ తర్వాత కంటికి కనబడని విడదీసే అక్షరం ఒకటి ఉంటుంది. నేను విడిగా వేసుకున్న ఒక రాత అప్లికేషన్‌లోకి ఆ పదాన్ని అతికిస్తే అది మాయమై, ‘ఫ’ కింద ట వత్తు, వ వత్తు రెండూ వేలాడాయి. తెలుగు చదవని వాళ్లకు ఇది తప్పని తెలిసే దారే లేదు. అందుకే రెండు తెరచిత్రాలు, ఆ కనబడని అక్షరాన్ని కంప్యూటర్ గుర్తించే యూనికోడ్ సంఖ్య, వెర్షన్ వివరాలతో ఆ అప్లికేషన్ తయారీదారులకు నివేదిక పంపాను. మూడో రోజున ఒకరు, వేరే అప్లికేషన్‌లో ఎలా ఉందని అడిగారు. అక్కడ సరిగానే ఉందని చూపించాను.

25న తుది విడుదల వచ్చింది. మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు, మామూలు అప్‌డేట్లతోనే బీటా తుది రూపానికి చేరింది. వెంటనే ఆ పదాన్నే అతికించి చూశాను. వత్తులు ఇంకా వేలాడుతున్నాయి. ‘హార్డ్‌వేర్’ను కూడా నివేదికకు జతచేశాను.